సేటు బండి కిస్తీల మీద తీసుకుంటే ఆర్సీ మన పేరు మీదికి వస్తుందా?

మల్లేశ్_సూర్యాపేట

అందరికీ నమస్తే. నేను పన్నెండు టైర్ల బండి మీద డ్రైవర్‌ని. బండి 2021 మోడల్, మా సేటుది. కొన్నప్పటి నుంచి నేనే నడుపుతున్నా. మిర్యాలగూడ మిల్లుల నుంచి కాకినాడ పోర్టుకు బియ్యం, తిరుగులో దొరికితే ఎరువులు. బియ్యం లేనప్పుడు మేళ్లచెరువు సిమెంటు.

మొన్న సేటు పిలిచి "ఎన్నాళ్లు జీతానికి తిరుగుతావురా, బండి నువ్వే తీసుకో" అన్నాడు. ముందు 4 లక్షలు చేతికి ఇవ్వాలి. ఇంకా 26 కిస్తీలున్నాయి, ఒక్కోటి 58 వేలు. అవి నేను కట్టుకోవాలి. అన్నీ అయిపోయాక ఆర్సీ నా పేరు మీద రాసిస్తానంటున్నాడు. అప్పటిదాకా బండి, ఫైనాన్స్ రెండూ ఆయన పేరు మీదే. వంద రూపాయల బాండు పేపర్ మీద అగ్రిమెంట్ రాసుకుందామన్నాడు. మా ఆవిడ బంగారం పెడితే కొంత వస్తుంది, మిగతాది మా బావమరిది సర్దుతానన్నాడు. సేటు మనిషి మంచోడే. ఇలా తీసుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

ఆటోనగర్_బాబాయ్

శుభం మల్లేశూ. విజయవాడ ఆటోనగర్లో ఈరోజు ఆఫీసు బోర్డులు పెట్టుకుని కూర్చున్నవాళ్లలో చాలామంది స్టీరింగ్ మీంచి దిగినవాళ్లే. అయితే కిస్తీ 58 వేలు కదా, ఆ పైన వచ్చిందంతా నాదే అనుకోకు. ఇన్నాళ్లూ సేటు జేబులోంచి పోయినవి నీకు కనపడలేదు.

20 నుంచి 40 టన్నుల మధ్య బండికి థర్డ్ పార్టీ ప్రీమియం 2022లో ఖరారైన రేటు ప్రకారం ఏడాదికి 43,950. దాని మీద జీఎస్టీ. బండి సొంత డ్యామేజీ ఇన్సూరెన్స్ వేరే, ఫైనాన్స్ ఉన్నన్నాళ్లు అది మానేస్తానంటే కుదరదు. నేషనల్ పర్మిట్ ఏడాదికి 16,500. మూడు నెలలకోసారి క్వార్టర్ ట్యాక్స్. ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, రెండేళ్లకోసారి, ఎనిమిదేళ్లు దాటితే ఏటా. ఎఫ్‌సీ అంటే ఫీజు ఒక్కటే కాదు, దానికి ముందు పెయింటు, లైట్లు, రిఫ్లెక్టర్ స్టిక్కర్లు, కమానులు. కొత్త టైరు ఒక్కోటి 20 వేల పైమాట.

నెల మీద ఎంత మిగులుతోందో చెప్పు. పోర్టు దగ్గర ఎన్ని రోజులు నిలబడుతున్నావో అదీ చెప్పు.

మల్లేశ్_సూర్యాపేట

లైను ఉంటే మూడు నాలుగు రోజులు అక్కడే బాబాయ్. హాల్టింగ్, అంటే బండి నిలబెట్టినందుకు డబ్బు, అడిగితే ఆఫీసు వాళ్లు నవ్వుతారు. డీజిల్, టోలు, బత్తా, లోడింగ్ మామూళ్లు పోను మంచి నెలలో లక్షా పది వేల దాకా సేటు చేతిలో పెట్టేవాణ్ణి. వానల్లో 60 దాటడం కష్టం.

ఆటోనగర్_బాబాయ్

అంటే మంచి నెల మిగులు వానల నెలకి దాచాలి. ఉన్న డబ్బంతా సేటుకిచ్చి ఖాళీ చేతులతో బండెక్కొద్దు. రెండు కిస్తీలు, ఒక జత టైర్ల డబ్బు పక్కన లేకుండా దిగితే మొదటి వానాకాలమే మింగేస్తుంది.

నెల్లూరు_సుబ్బు

నేను ఇలాగే తీసుకున్నా. కృష్ణపట్నం పోర్టులో తిరిగే పది టైర్ల బండి, మా మేనమామది. కిస్తీలన్నీ కట్టా, బాకీ లేదని కంపెనీ ఇచ్చే ఎన్ఓసీ వచ్చింది, ఆర్సీ మారింది, ఇప్పుడు రెండో బండి కూడా ఉంది. ఇక్కడ ఇక అందరూ వచ్చి కాగితం కాగితం అని భయపెడతారు చూడు. డ్రైవర్‌కి బ్యాంకు అప్పు ఇస్తుందా? ఆస్తి చూపించమంటారు, జామీను అడుగుతారు. నమ్మకం మీద బండి ఇచ్చేవాడు దొరకడమే అదృష్టం. తీసుకో తమ్ముడూ.

తుంటరి_క్లీనర్

మేనమామ దగ్గర తీసుకోవడం వేరు సుబ్బన్నా. ఆర్సీ లేని బండికి కిస్తీలు కట్టడమంటే పక్కోడి పొలంలో బోరు వేయించడమే. నీళ్లు పడ్డాక తెలుస్తుంది ఎవరివో.

వాసు_మాజీ_కలెక్షన్

కొన్నేళ్లు ఒక ఫైనాన్స్ కంపెనీలో కలెక్షన్ చేశాను, ఇప్పుడు మానేశా. మల్లేశ్ గారూ, ముందు ధర సంగతి. 26 కిస్తీలంటే 15 లక్షల 8 వేలు. కానీ బాకీ అంత కాదు, అందులో రాబోయే వడ్డీ కలిసి ఉంది. రేటు 12 శాతం అనుకుంటే ఈరోజు అసలు 13 లక్షల 20 వేల దగ్గర ఉంటుంది. దానికి మీ 4 లక్షలు కలిపితే బండి మీకు 17 లక్షల 20 వేలకు పడుతున్నట్టు. ఇదే మోడల్ మీ వైపు ఎంత పలుకుతోందో ఇద్దరు ముగ్గురు బ్రోకర్లని అడగండి. 17, 18 మధ్య ఉంటే సేటు మిమ్మల్ని ధరలో మోసం చేయట్లేదు.

ఇక అసలు సంగతి. కంపెనీ కంప్యూటర్లో ఉండేది సేటు పేరు. మీరు ఎవరో మాకు తెలియదు. కిస్తీ రెండు నెలలు ఆగితే బండి జప్తు చేసి యార్డుకి తీసుకెళ్లే వాళ్లకి మీ బాండు పేపర్ చూపిస్తే పక్కన పెట్టేస్తారు. బలవంతంగా, రౌడీల్ని పెట్టి బండి లాక్కోకూడదని సుప్రీం కోర్టు 2007లో ప్రకాశ్ కౌర్ కేసులో చెప్పింది నిజమే. కానీ ఆ మాట అడిగే హక్కు అప్పు ఎవరి పేరు మీద ఉందో వాళ్లకి. మీరు బండి దిగి తాళం ఇవ్వాల్సిందే.

ఇంకొకటి, దీన్ని ఎవరూ అడగరు. సేటుకు అదే కంపెనీలో వేరే బండ్లున్నాయా? ఇంకెవరికైనా జామీను సంతకం పెట్టాడా? చాలా లోన్ అగ్రిమెంట్లలో ఒక నిబంధన ఉంటుంది: ఒక బండి బాకీ తీరినా, అదే మనిషి పేరు మీద ఇంకో బాకీ ఉంటే ఎన్ఓసీ ఆపొచ్చు. మీరు 26 కిస్తీలు ఒక్కరోజు ఆలస్యం కాకుండా కట్టినా, సేటు అల్లుడి టిప్పర్ కిస్తీ ఆగిందని మీ ఎన్ఓసీ ఆగుతుంది. ఇలా ఆగిన ఫైళ్లు బ్రాంచిల్లో నా చేతుల మీదుగానే వెళ్లాయి.

పద్మ_కోదాడ

మాకు జరిగింది రాస్తాను. మా ఆయన ఒక ఓనరు దగ్గర ఇలాగే పది టైర్ల బండి తీసుకున్నాడు. ప్రతి నెలా ఐదో తారీఖులోపు ఓనరు ఇంటికి వెళ్లి డబ్బు ఇచ్చేవాళ్లం, ఆయన కడతానని తీసుకునేవాడు. నోటుబుక్కులో సంతకం పెట్టించుకునేదాన్ని. 2020 లాక్‌డౌన్‌లో కూడా బండి నిత్యావసరాలకి తిరిగింది కాబట్టి నేను ఒక్క నెల ఆపలేదు.

చివరి కిస్తీ అయ్యాక ఎన్ఓసీకి బ్రాంచికి వెళ్తే అమ్మాయి స్క్రీన్ ఇటు తిప్పి చూపించింది. మార్చి నుంచి ఆగస్టు దాకా ఆరు నెలలు మారటోరియం అని ఉంది. అంటే ఓనరు ఆ ఆరు నెలలు వాయిదా పెట్టించుకున్నాడు, మేమిచ్చిన డబ్బు వాడుకున్నాడు. ఆరు కిస్తీలు, వాటి మీద ఇన్నాళ్ల వడ్డీ ఇంకా బాకీ. అడిగితే "ఇంట్లో పెళ్లి వచ్చింది, సర్దుతా" అన్నాడు. ఇంతవరకు సర్దలేదు. నా నోటుబుక్కు చూసి బ్రాంచి మేనేజరు జాలి పడ్డాడు, అంతకు మించి ఏం చేయలేదు. ఆ బాకీ మేమే మళ్లీ కట్టాం.

ఓనరు ఏమీ దుర్మార్గుడు కాదు. చేతిలో డబ్బు, మీద అవసరం, అంతే.

నెల్లూరు_సుబ్బు

అక్కా, అందుకే నేను మామ చేతికి ఒక్క రూపాయి ఇవ్వలేదు. లోన్ నంబరు తీసుకుని నా ఖాతాలోంచి నేరుగా కంపెనీకి కట్టా. ప్రతి నెలా రసీదు ఫోన్లో. ఎవరికైనా అదే చెప్తా. మూడు నెలలకోసారి లోన్ స్టేట్‌మెంటు తీయించు, అందులో తేడా వస్తే అప్పుడే గొడవ పడు.

ఆర్టీఏ_మధు

సుబ్బు గారి పద్ధతి మంచిదే. కానీ దానితో ఆర్సీ మారదు. ఆఫీసులో రోజూ చూసే ఇబ్బందులు ఇవి. ఈ-చలాను సేటు పేరు మీద పడుతుంది. ట్యాక్స్ కట్టాలన్నా, ఎఫ్‌సీ స్లాటు తీసుకోవాలన్నా, రేపు ట్రాన్స్‌ఫర్ చేయాలన్నా ఓటీపీ ఆర్సీలో ఉన్న ఫోన్ నంబరుకే వెళ్తుంది. సేటు నంబరు మార్చినా, ఊరు మారినా ఆ ఓటీపీ మీకు దొరకదు. అలా జరగకూడదు గానీ, ఆయనకు ఏదైనా అయితే వారసులందరి సంతకాలు కావాలి. ముగ్గురు కొడుకుల్లో ఒకడు దుబాయ్‌లో ఉంటే ఇక మీ పని అయిపోయినట్టే.

సరైన దారి ఒకటుంది. ఫైనాన్స్ ఉండగానే బండి మీ పేరు మీదికి మార్చుకోవచ్చు. కంపెనీ ఒప్పుకుని లోన్ మీ పేరు మీదికి తిప్పితే, ఆర్సీ మీ పేరు మీదికి వస్తుంది, హెచ్‌పీ ఎంట్రీ, అంటే బండి మీద ఫైనాన్స్ ఉందన్న నమోదు, అలాగే ఉంటుంది.

అడ్వకేట్_శారద

మధు గారు చెప్పిన దారి సేటుకు కూడా మంచిదే. ఆయనకి ఇలా చెప్పి చూడండి. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీం కోర్టు తేల్చింది ఏమిటంటే, బండి చేతులు మారినా ఆర్సీలో పేరు మారకపోతే యాక్సిడెంట్ పరిహారం ఆర్సీలో ఉన్న ఓనరే కట్టాలి. ఆ కేసులో బండి ఒకరి నుంచి ఒకరికి చాలా చేతులు మారింది. అయినా మొదటి ఓనరు తప్పించుకోలేకపోయాడు. మీ సేటు "ఎప్పుడో అమ్మేశాను, బాండు పేపర్ ఉంది" అంటే ట్రిబ్యునల్ వినదు. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో ఆయన తెలియజేయాలి, 30 రోజుల్లో మీరు దరఖాస్తు పెట్టాలి.

చట్టంలో ఓనరు నిర్వచనంలో హైర్ పర్చేజ్, లీజు, హైపోతికేషన్ లాంటి ఒప్పందాల మీద బండి దగ్గరున్నవాడు కూడా వస్తాడు కదా అని కొందరు వాదిస్తారు. దాన్ని నమ్ముకుని వంద రూపాయల పేపర్ మీద దిగొద్దు. ఆర్సీలో నమోదైన ఫైనాన్స్ ఒప్పందం వేరు, ఫైనాన్స్ కంపెనీకి తెలియకుండా మీరిద్దరూ రాసుకున్నది వేరు. లోన్ అగ్రిమెంటే బండిని ఇంకొకరికి ఇవ్వకూడదని అంటుంది.

చెప్పడానికి మనసు రాకపోయినా ఒక విషయం చెప్పాలి. ఓనర్-డ్రైవర్‌కి తప్పనిసరి పర్సనల్ యాక్సిడెంట్ కవర్ 15 లక్షలు ఉంటుంది. అది ఆర్సీలో ఉన్న ఓనరుకి. స్టీరింగ్ మీద మీరుండగా మీకేమైనా అయితే ఆ డబ్బు మీ ఇంటికి రాదు. జీతగాడైన డ్రైవర్‌కి వచ్చే పరిహారం అడిగితే, "ఇతను జీతానికి లేడు, బండి కొనుక్కున్నాడు" అని ఇన్సూరెన్స్ వాళ్లు మీ అగ్రిమెంట్‌నే చూపిస్తారు. రెంటికీ చెడ్డ రేవడి అవుతారు.

మల్లేశ్_సూర్యాపేట

మేడం, ఈ చివరి మాట మా ఆవిడకి చదివి వినిపించా. ఆమె బంగారం తీయనని కూర్చుంది.

కిరణ్_ఫ్రెస్నో

నేను కాలిఫోర్నియాలో ట్రక్కర్ల పన్ను లెక్కలు చేసే ఆఫీసులో పనిచేస్తాను. మా దగ్గరకు వచ్చేవాళ్లలో పంజాబీలు ఎక్కువ. ఇక్కడ దీన్ని లీజ్-పర్చేజ్ అంటారు. చదువుతుంటే మీ సేటు మాటలే ఇంగ్లీషులో విన్నట్టుంది, అందుకే రాస్తున్నాను.

ఇక్కడ బండి ఇచ్చేది చాలాసార్లు లోడ్ ఇచ్చే కంపెనీయే. వారం వారం లెక్క చేతికిస్తారు. పైన కిరాయి, కింద కోతలు: ట్రక్ కిస్తీ, ఇన్సూరెన్స్, మరమ్మతుల డిపాజిట్, డీజిల్, టోలు. పండుగ వారమో, బండి షెడ్డులో ఉన్న వారమో అయితే కింద సున్నా ఉంటుంది, ఒక్కోసారి డ్రైవరే కంపెనీకి బాకీ. లోడ్ తగ్గించాలన్నా, ఇవ్వకూడదన్నా వాళ్ల చేతిలో పని. కిస్తీ కట్టలేక దిగిపోతే అదే ట్రక్కు ఇంకో డ్రైవర్‌కి, మళ్లీ మొదటి నుంచి.

లాస్ ఏంజెలిస్, లాంగ్ బీచ్ పోర్టుల్లో 2008లో పాత ట్రక్కుల్ని ఆపే పథకం మొదలైంది. కొత్తవి కొనే స్తోమత లేని డ్రైవర్లకి కంపెనీలే ట్రక్కులు కొని ఇలా లీజుకిచ్చాయి. ఎంత అన్యాయం జరిగిందో 2017లో యూఎస్ఏ టుడే పత్రిక వరుసగా రాసింది. 2021 నాటి మౌలిక వసతుల చట్టం కింద ప్రభుత్వం ఒక టాస్క్‌ఫోర్స్ వేసింది. అది 2025 జనవరిలో ఇచ్చిన నివేదికలో ఈ లీజ్-పర్చేజ్ పథకాలను నిషేధించమని కాంగ్రెస్‌కు సిఫారసు చేసింది. చివరిదాకా కట్టి ట్రక్కు సొంతం చేసుకున్నవాళ్లు చాలా తక్కువమంది.

ఇక్కడ ఒక రూల్ మాత్రం నాకు నచ్చుతుంది. డ్రైవర్ దగ్గర పట్టుకున్న డిపాజిట్ ఏ ఖర్చులకి వాడతారో లీజులోనే రాయాలి, లీజు ముగిసిన 45 రోజుల్లో లెక్క చెప్పి మిగిలింది తిరిగివ్వాలి. మల్లేశ్ గారూ, మధ్యలో మానేస్తే మీ 4 లక్షల సంగతేమిటో బాండు పేపర్‌లో ఉందా? ఇంకో ప్రశ్న. బండి తీసుకున్నాక లోడ్ ఎవరిస్తారు?

మల్లేశ్_సూర్యాపేట

4 లక్షల సంగతి మాట్లాడుకోలేదు. లోడ్ ఇప్పుడైతే సేటు తమ్ముడి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు నుంచే వస్తుంది. బండి తీసుకున్నాక కూడా అక్కడే నడపమన్నాడు. కమీషన్ మామూలే అన్నాడు.

ఆటోనగర్_బాబాయ్

అదీ సంగతి. బండి అన్నయ్యది, లోడ్ తమ్ముడిది, కిస్తీ నీది.

నెల్లూరు_సుబ్బు

బాబాయ్, ప్రతిదాంట్లో కుట్ర వెతకొద్దు. సొంతవాళ్ల ఆఫీసులో లోడ్ ఉంటే కొత్తగా బండి తీసుకున్నవాడికి అదే దన్ను. బయట ఆఫీసుల్లో అయితే అడ్వాన్స్ సగం, బ్యాలెన్స్ కోసం నెల తిరగాలి.

ఆటోనగర్_బాబాయ్

దన్నే, కాదనను. అక్కడే నడపాలన్న షరతు మాత్రం వద్దు. రేటు బాగుంటే వెళ్తాడు, లేకపోతే ఇంకో ఆఫీసు గడప తొక్కుతాడు. 2018లో యాక్సిల్ లోడ్, అంటే ఇరుసుకి అనుమతించే బరువు, పెంచాక పన్నెండు టైర్ల బండి మొత్తం బరువు 31 నుంచి 35 టన్నులకు పెరిగింది, అదే సరుకు తక్కువ బండ్లలో వెళ్తోంది. లోడ్ కోసం బండ్లు లైన్లో ఉన్నప్పుడు ఒక్క ఆఫీసుకి కట్టుబడినవాడికి రేటు అడిగే నోరుండదు.

కిరణ్_ఫ్రెస్నో

బాబాయ్ గారి మాటకు కొనసాగింపు. ఇక్కడ కంపెనీలు ఈ డ్రైవర్లు మా ఉద్యోగులు కాదు, సొంత వ్యాపారులు అంటాయి. 2019 జనవరిలో న్యూ ప్రైమ్ కేసులో ఇక్కడి సుప్రీం కోర్టు, రవాణా రంగంలో కాంట్రాక్టర్ అని పేరు పెట్టినంత మాత్రాన డ్రైవర్‌ని ఫెడరల్ ఆర్బిట్రేషన్ చట్టం కింద కోర్టుకు వెళ్లకుండా ఆర్బిట్రేషన్‌కి, అంటే ప్రైవేటు మధ్యవర్తి దగ్గరికి, నెట్టలేరని చెప్పింది. ఆ డ్రైవర్ కూడా కంపెనీ దగ్గర ట్రక్కు లీజుకు తీసుకున్నవాడే.

మోడరేటర్

అమెరికా కేసుల మీద విడిగా చర్చ పెట్టుకోవచ్చు. ఇక్కడ మల్లేశ్ గారి బండి దగ్గరే ఉందాం.

మల్లేశ్_సూర్యాపేట

వారం తర్వాత వస్తున్నా. సేటుని వాసు అన్న చెప్పిన ప్రశ్న అడిగా. ముందు కోపమొచ్చింది, "నన్ను నమ్మవా" అన్నాడు. తర్వాత చల్లబడి చెప్పాడు. అదే కంపెనీలో ఇంకో రెండు బండ్లున్నాయి, బావగారి టిప్పర్‌కి జామీను కూడా ఉన్నాడు. శారద మేడం చెప్పిన యాక్సిడెంట్ కేసు గురించి చెప్పా. అది విన్నాక లోన్ ట్రాన్స్‌ఫర్‌కి ఆయనే ముందుకొచ్చాడు. ఇద్దరం బ్రాంచికి వెళ్లాం. నా సిబిల్, అదే అప్పుల చరిత్ర స్కోరు, మైనస్ ఒకటి అని చూపిస్తోంది. జామీను కావాలన్నారు. రేటు 8 శాతం ఫ్లాట్ అంటున్నారు, 8 అంటే తక్కువే కదా?

వాసు_మాజీ_కలెక్షన్

మైనస్ ఒకటి అంటే చెడ్డ పేరు కాదు, ఇదివరకు ఏ అప్పూ తీసుకోలేదని. దానికి భయపడొద్దు.

ఫ్లాట్ మాత్రం జాగ్రత్త. ఉదాహరణకి 20 లక్షలు 8 శాతం ఫ్లాట్, నాలుగేళ్లు అంటే వడ్డీ 6 లక్షల 40 వేలు, కిస్తీ 55 వేలు. మీరు నెల నెలా అసలు తీరుస్తున్నా వడ్డీ మొత్తం 20 లక్షల మీదే వేస్తున్నారు. తగ్గుతున్న బాకీ మీద లెక్క వేస్తే అది 14 శాతం పైనే. సేటు పాత రేటు ఎంతో, మీకు చెప్పేది ఎంతో ఒకే పద్ధతిలో అడగండి. 2024 అక్టోబరు నుంచి కొత్త అప్పులకి ఆర్బీఐ చెప్పిన ముఖ్య వివరాల పట్టిక ఇవ్వాలి, అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి ఎంత శాతమో అందులో ఉంటుంది. సంతకానికి ముందే అది చేతిలోకి తీసుకోండి. ఆలస్యమైతే వేసే జరిమానాని వడ్డీలో కలపకూడదని కూడా 2024 ఏప్రిల్ నుంచి రూల్ ఉంది.

ఇంకో మాట, ఖాళీ చెక్కులు అడుగుతారు. ఎన్ని ఇచ్చారో, నంబర్లు ఏమిటో రాసి బ్రాంచి ముద్ర వేయించుకోండి.

పద్మ_కోదాడ

మల్లేశ్ అన్నా, బ్రాంచికి వెళ్లేటప్పుడు వదినని కూడా తీసుకెళ్లు. లెక్కలు ఆమెకి తెలియాలి. నువ్వు కాకినాడ లైన్లో ఉన్నప్పుడు ఫోన్ వచ్చేది ఇంటికే.

ఆర్టీఏ_మధు

జామీను దొరికితే పని ఇలా సాగుతుంది. ఫామ్ 29 మీద సేటు సంతకం, ఫామ్ 30 మీద మీది, అందులోనే ఫైనాన్స్ వాళ్ల అంగీకారం. కొత్త అగ్రిమెంట్ రాస్తే పాత హెచ్‌పీ కొట్టేయడానికి ఫామ్ 35, కొత్తది ఎక్కించడానికి ఫామ్ 34. ట్యాక్స్, ఇన్సూరెన్స్, ఎఫ్‌సీ, పొల్యూషన్ అన్నీ చెల్లుబాటులో ఉండాలి. ఇన్సూరెన్స్ మీ పేరుకి మార్చమని 14 రోజుల్లో దరఖాస్తు పెట్టండి, ఓనర్-డ్రైవర్ కవర్ మీ పేరు మీద కొత్తగా తీసుకోండి. పర్మిట్ కూడా పేరు మారాలి, అది మర్చిపోతారు చాలామంది. రోడ్డు మీద తనిఖీలో గుర్తొస్తుంది. పాత చలాన్లు ఉంటే ముందు తీర్చాలి.

మల్లేశ్_సూర్యాపేట

చూశా మధు అన్నా. చిన్నవి కాక ఒక ఓవర్‌లోడ్ చలాను ఉంది, 20 వేలు, పైన టన్నుకి రెండు వేల చొప్పున. అది సేటు కట్టాలా నేను కట్టాలా? కాటా దగ్గర వద్దని చెప్తే ఎక్కించమన్నది ఆయన తమ్ముడే.

ఆటోనగర్_బాబాయ్

4 లక్షల్లోంచి పట్టుకుని ఇవ్వు. అన్నదమ్ములు వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు.